సింహాద్రి పేజీ

మొన్న వానలు పట్టుకునే ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో మా తలుపు తట్టారు. మేం బర్మాలో, సంచౌంగ్ అనే పేటలో నాలుగో అంతస్తులో ఉంటాం. తెలిసినవాళ్ళెవరూ మా తలుపు తట్టరు. వీధిలో నిలబడి బాల్కనీ నుంచి వేలాడే తాడు లాగుతారు, పైన గంట మోగుతుంది, మేం తొంగి చూసి అదే తాడుకి తాళంచెవి కట్టి కిందికి దించుతాం. నేరుగా మెట్లెక్కి వచ్చి తట్టారంటే కొత్తవాళ్ళే. సైన్యం వాళ్ళు కుర్రకారుని పట్టుకుపోతున్న ఈ రోజుల్లో కొత్తవాళ్ళు వస్తే ముందు ఇంట్లో ఎవరెవరున్నారో, వాళ్ళలో ఎవరు కనబడకపోతే మంచిదో ఒకసారి ఆలోచించుకుంటాం. మనవరాలిని గదిలోకి పొమ్మని సైగ చేసి, తలుపు ఓరగా తీసి, ఇనుప జాలీ వెనక నుంచి చూశాను. నలభై దాటిన మనిషి. బుగ్గల మీద చెరిగిపోయిన థనకా చెక్క గంధం, చేతిలో గొడుగు, చంకలో ప్లాస్టిక్ సంచి. తెలుగు చదివే సయామ ఇల్లు ఇదేనా అని బర్మా భాషలో అడిగింది. పంతులమ్మని ఇక్కడ సయామ అంటారు. ముప్పై ఏళ్ళు గుళ్ళో ఆదివారాలు తెలుగు అక్షరాలు నేర్పినందుకు ఆ పేరు నాకు మిగిలింది. ఎవరు పంపారని అడిగాను. గుడి పెద్ద పేరు చెప్పింది. ఆయన ఇల్లు ఎక్కడని అడిగాను. అదీ చెప్పింది. ఆయన భార్య ఎలా ఉందని అడిగాను. పోయి రెండేళ్ళయింది కదా అంది. అప్పుడు జాలీ తీశాను. ఇలాంటి ప్రశ్నలకి ఆమెకీ అలవాటే కాబోలు, విసుక్కోలేదు.

బర్మా పేరు మా ఖిన్ అట, ఇంట్లో ఈశ్వరి అంటారట. మింగళాడోన్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. తండ్రి తింజాన్ పండగ అయిన వారానికి పోయాడు. ఆయన రేకు పెట్టెలో ఒక కాగితం దొరికింది. తెలుగని తెలుస్తోంది గానీ చదవగలవాళ్ళు ఇంట్లో లేరు. "మాటాడితే అర్తమవుతాది సయామా, సదవడం రాదు," అంది, తెలుగులోకి మారి, ఒక్కో మాటా వెతుక్కుంటూ. నాకు మళ్ళీ అనుమానం వచ్చింది. పాత తెలుగు కాగితాలు నా దగ్గరికి తెచ్చేవాళ్ళు చాలామంది. తాత ఏ ఓడలో వచ్చాడు, ఏ ఇల్లు ఎవరికి రాశాడు, అన్నదమ్ముల్లో ఎవరిది పెద్ద వాటా. చదివి చెప్పినందుకు ఒకసారి రెండో పక్షం వాళ్ళు వచ్చి నా గుమ్మంలో కూర్చున్నారు. అందుకని చదవడం వరకే నా పని, ఎక్కడా సంతకం పెట్టను, ఎవరి ముందూ సాక్ష్యం చెప్పను అని ముందే చెప్పాను. ఆమె తల ఊపి, సంచిలోంచి కాగితం తీసి, మడతలు విప్పి టేబులు మీద పెట్టింది. గళ్ళ నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ. ఒక మూల నూనె మరక. మొదటి వరుస చదవకుండానే అది ఎవరి చేతిరాతో నాకు తెలిసిపోయింది. పదిహేడేళ్ళ నా చేతిరాత.

అప్పట్లో మేం ఇన్సేన్‌లో ఉండేవాళ్ళం, రైలు పట్టాలకి అవతల, కార్ఖానా వాళ్ళ లైను ఇళ్ళల్లో. చెక్క ఇళ్ళు, రేకు కప్పులు, ముందు వరండా, వెనక వంటిల్లు, దాని గుమ్మం దిగితే నీళ్ళ జాడీలు. నాన్న పైడయ్య లేతు మేస్త్రీ. ఆయన ఇంటికి వచ్చాడంటే ఇనుప రజను వాసన, మెషీను నూనె వాసన ముందు వచ్చేవి. అమ్మ గంజాం మనిషి, కోపం వస్తే ఒడియాలోకి పోయేది. ఆదివారం పొద్దున అమ్మ రాత్రి నానబెట్టిన అన్నంలో పెరుగూ ఉప్పూ కలిపి, పక్కన కాల్చిన ఎండుచేప పెట్టేది. పొరుగు బర్మా ఇంట్లోంచి ఙాపి అనే పులియబెట్టిన చేపల ముద్ద వేగే వాసన, మా ఇంట్లోంచి ఎండుచేప వాసన, మధ్యలో ఎవరో వెలిగించిన అగరొత్తి. అది తిని నాన్న వరండా కడిగించేవాడు. మగవాళ్ళు ఎవరి ముక్కాలిపీట వాళ్ళు తెచ్చుకుని నాలుగింటికల్లా చేరేవాళ్ళు. పదిమందికి తగ్గేవాళ్ళు కారు. వచ్చేది కార్ఖానా ఫుట్‌బాల్ జట్టు గురించి మాట్లాడడానికి, చీకటి పడేదాకా మాట్లాడింది అదొక్కటే.

ఏం మాట్లాడేవాళ్ళని ఇప్పుడు ఎవరైనా అడిగితే నవ్వు వస్తుంది. ఎడమ వైపు ఎవరిని ఆడించాలి, గోల్‌కీపరుని మార్చాలా వద్దా, కుర్రవాళ్ళ జట్టులోంచి ఎవరిని పైకి తేవాలి, పోయిన ఏడు వదిలేసినవాడు అవతలి జట్టులో మనకే గోల్ కొట్టాడు కదా, అది ఎవరి తెలివితక్కువ. అన్నిటికంటే పెద్ద గొడవ కాగితాల మీద. ఆటగాడికి ఆట కోసమని జీతం ఇచ్చే రోజులు కావు అవి. కాగితం మీద అతను ఫిట్టరుకి సహాయకుడు, లేకపోతే గిడ్డంగి గుమాస్తా. పని పేరుకే. నిజంగా ఉంచుకున్నది ఆట కోసం. ఆ కాగితానికి రెండేళ్ళ గడువు. గడువులోపల ఉద్యోగం, లైను ఇళ్ళల్లో ఒక గది, రేషను బియ్యం. గడువు అయ్యాక కార్ఖానా పెద్దలు మళ్ళీ రాస్తేనే అవన్నీ. ఈలోగా ఇంకో ప్రభుత్వ శాఖ జట్టు వాళ్ళు వచ్చి పైమెట్టు ఉద్యోగం, రెండు గదుల ఇల్లు చూపించేవాళ్ళు. అందుకని వానాకాలం వస్తోందంటే మా వరండా మీద ఎవరి కళ్ళు ఎటు చూస్తున్నాయో కనిపెట్టడమే పని. ఒక ఆటగాడు కొత్త లుంగీ కట్టినా, "ఎవుడిచ్చినాడు?" అనేవాళ్ళు.

ఆ వాదాల్లో నాకు చోటు దొరికింది నా జ్ఞాపకశక్తి వల్ల. ఫలానా ఆటలో మొదటి గోల్ ఎవరిదని ఇద్దరు కొట్టుకోబోతుంటే లోపల్నుంచి నేను చెప్పాను. నిజమని తేలింది. మర్నాడు నాన్న గళ్ళ నోటుపుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఆటగాడికో పేజీ. ఏ జట్టు మీద, ఎన్నో నిమిషంలో, ఏ కాలితో, తలతోనా, వాన ఉందా లేదా. నాన్న గురయ్య బాబాయ్‌తో పాటు నన్నూ మైదానానికి తీసుకుపోయేవాడు. గురయ్య బాబాయ్ కార్ఖానా గేటు దగ్గర హాజరు రాసే మనిషి, నాన్నకి చిన్ననాటి స్నేహితుడు, అంకెలంటే ప్రాణం. ఆయన నా పుస్తకం ఒడిలో పెట్టుకుని, ఆటకి ఎన్ని గోల్స్ పడుతున్నాయో పెన్సిలుతో లెక్క కట్టి, ఎవరికి మళ్ళీ కాగితం రాయాలో తేల్చేసేవాడు. నాన్నకి ఆ పద్ధతి నచ్చేది కాదు. గోల్ కొట్టినవాణ్ణి రాస్తున్నావు, ఆ బంతి ఇచ్చినవాణ్ణి రాయడం లేదు, అది సగం ఆటే అనేవాడు. నేను రాయలేదు. బంతి ఎవరు ఇచ్చారో చూడడం కష్టం. గోల్ అయితే అందరికీ కనబడుతుంది.

సింహాద్రి ఆ జట్టులో ముందువరస ఆటగాడు. తండ్రి మనవాడు, తల్లి బర్మా మనిషి. మైదానంలో కో తాన్ అని అరిచేవాళ్ళు. మా ఇంట్లో సింహాద్రే. ఇరవై మూడేళ్ళుంటాయి. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేవాడు, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ చేతుల వైపు చూసేవాడు. తల్లీ తండ్రీ లేరు. నాన్నే ఫోర్‌మన్‌తో చెప్పి కార్ఖానాలో పెట్టించాడు. మా నాన్ననీ అమ్మనీ మామా అత్తా అని పిలిచేవాడు, ఆదివారం భోజనం మా ఇంట్లోనే. నా పుస్తకంలో అన్నిటికంటే మాసిపోయిన పేజీ అతనిదే, ఎందుకంటే అందరూ ఎక్కువసార్లు తిప్పి చూసేది అదే. నేను కూడా. ఎవరూ లేనప్పుడు ఆ పేజీ తీసి చూసుకునేదాన్ని. అది ఆటమీద ఇష్టం అనుకునేదాన్ని.

ఆ ఏడు అతని కాగితం గడువు అయిపోతోంది. వానల మొదట్లో ఒక జీపు వచ్చి మా వీధి చివర టీ కొట్టు ముందు ఆగింది. నల్లద్దాల మనిషి దిగి సింహాద్రి గది ఎక్కడని అడిగాడు. పావుగంట లోపల ఉండి వెళ్ళిపోయాడు. మింగళాడోన్ వైపు నుంచి వచ్చే ఒక శాఖ జట్టు మనిషి అని సాయంత్రానికి అందరికీ తెలిసింది. సింహాద్రి ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్పేవాడేమో, ఎవరూ అడగలేదు. చూడడం మాత్రం మొదలుపెట్టారు. టీ ఎవరితో తాగుతున్నాడు, ఏ బస్సు ఎక్కాడు, పొద్దున సాధనకి ఎందుకు ఆలస్యమయ్యాడు. గురయ్య బాబాయ్ గేటు దగ్గర అతను వచ్చిన వేళ, పోయిన వేళ వేరే చీటీ మీద రాసుకుంటున్నాడని నాన్న అమ్మతో అంటుంటే విన్నాను. అప్పుడు అది నాకు తప్పుగా తోచలేదు. నేనూ చూస్తున్నాను. నేను చూసింది వేరు.

ఒక బుధవారం బడి తొందరగా వదిలితే మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాను. నాన్న పనిలో ఉన్నాడు. ముందు తలుపు గొళ్ళెం పెట్టి ఉంది. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళేసరికి, వంటింటి మెట్టు మీద సింహాద్రి కూర్చుని ఉన్నాడు. అమ్మ అతని ముందు కింద కూర్చుని, లుంగీ పైకి మడిచిన కాలు పట్టుకుని ఏదో చేస్తోంది. ఆముదం వాసన. నన్ను చూడగానే అతను గభాల్న లుంగీ దించి లేచాడు. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, "ఏటే, బడి అయిపోనాదా?" అంది. ఆ గొంతు మామూలుగా లేదు. అతను జాడీల పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు మధ్యాహ్నాలు వంటింట్లో ఆ వాసన పట్టాను. అమ్మకప్పుడు నలభై కూడా లేవు. నేను ఏమనుకున్నానో రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. అనుకున్నాను, అంతే. ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి అమ్మ వడ్డించిన అన్నం తింటూ ఆమె చేతుల వైపు చూసేదాన్ని.

ఆ వానాకాలం మా మైదానం నీళ్ళలో మునిగింది. మింగళాడోన్ జట్టుతో ఆడాల్సిన మూడు ఆటలూ వాళ్ళ మైదానంలోనే పెట్టారు. మా వాళ్ళు లారీలో గంటకి పైగా నిలబడి వెళ్ళేవాళ్ళు; మిగతా జట్లతో ఆటలు నడిచిపోయే దూరంలోనే జరిగాయి. మూడూ ఓడిపోయాం. మూడో ఓటమి అయిన మర్నాడు ఆదివారం, వరండా కిక్కిరిసిపోయింది. సింహాద్రి కూడా వచ్చాడు, ఎప్పుడూ కూర్చునే పీట మీద కాకుండా మెట్టు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. అతను ఉండగానే అతనికి కాగితం మళ్ళీ రాయాలా వద్దా అన్న వాదన నడిచింది. గురయ్య బాబాయ్ గోల్స్ తగ్గాయన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. వాడు ఇచ్చిన బంతులతో మిగతావాళ్ళు కొట్టారు, అవి ఏ పుస్తకంలో ఉన్నాయి అన్నాడు. నాన్న మాటకి కొందరు తలలూపారు. వాదన ఇంచుమించు అతని వైపు తిరిగింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, పుస్తకం చేతిలో ఉంది. నన్నెవరూ అడగలేదు.

"మింగళాడోనోళ్ళ మీద ఒక్కటీ నేదు," అన్నాను. "మూడాటల్లోనూ సున్నే. మిగిలినోళ్ళందరి మీదా ఉన్నాయి."

అందరూ నా వైపు తిరిగారు. గురయ్య బాబాయ్ చెయ్యి చాపబోయి ఆగిపోయాడు. ఆయనకి పుస్తకం అక్కర్లేకపోయింది. జీపు అందరికీ గుర్తే. నాన్న నేలవైపు చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"జీపొచ్చినాదట. నిజమేటి?"

"నిజమే మామా."

"కాయితం ఇచ్చినారా?"

"ఇచ్చినారు."

"సంతకం ఎట్టినావా?"

"నేదు."

"మరి ఆళ్ళ మీద ఒక్కటీ కొట్నేదేటి?"

సింహాద్రి తల తిప్పి నా భుజం మీంచి లోపలికి చూశాడు. నా వెనక అమ్మ, చేతిలో గరిటెతో వచ్చి నిలబడి ఉంది. "ఆడికి..." అని మొదలుపెట్టింది. "అత్తా, కూర మాడతన్నాది," అన్నాడు సింహాద్రి. కూర మాడడం లేదు. వాసన ఏమీ లేదు. అమ్మ అతని వైపు ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు నేను చూశాను, వాళ్ళిద్దరి మధ్యా నేను అనుకున్నదే ఉందని అప్పుడు పూర్తిగా నమ్మాను. వరండా మీద వాళ్ళు నమ్మింది వేరు. ఒకడు లేచి తన పీట తీసుకుని పోయాడు. ఇంకొకడు లేచాడు. నాన్న ఆపలేదు. సింహాద్రి మెట్టు మీద చెయ్యి ఆనించి లేచి, వీధిలోకి దిగాడు. అతను లేచిన తీరు కూడా నేను చూశాను. ముందు ఎడమ కాలు నేల మీద పెట్టి, తర్వాత కుడి కాలు లాక్కున్నాడు. చూశాను గానీ ఏమీ అనుకోలేదు.

కాగితం మళ్ళీ రాయలేదు. ఎవరు ఎవరితో చెప్పారో తెలియదు, మా వరండా మాట కార్ఖానా పెద్దల చెవిన పడింది, అది చాలింది. గది ఖాళీ చెయ్యమన్నారు. ఆ పది రోజులూ టీ కొట్లో అతను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. గుమ్మంలో ఆరబెట్టుకున్న బూట్లు ఎవరో మురిక్కాలవలో పడేశారు. అతను వాటిని తీసి కడుక్కుంటుంటే నేను బడికి వెళ్తూ చూశాను. మగవాళ్ళందరూ పనిలో ఉన్న ఒక పొద్దున వెళ్ళిపోయాడు. సాయంత్రం నేను వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని, "ఎల్లిపోనాడు కదా, ఇంక ఆముదం మిగుల్తాది," అన్నాను.

అమ్మ వెంటనే అర్థం చేసుకోలేదు. కత్తిపీట మీద వంకాయ కోస్తూ కోస్తూ ఆగింది. నా వైపు తిరిగింది. "నువ్వు అలాగనుకున్నావేటి," అంది, అడిగినట్టు కాదు. కొట్టలేదు, ఏడవలేదు. వంకాయ మొత్తం కోసి నీళ్ళలో వేసి, అప్పుడు చెప్పింది. అంతకుముందు ఏడు వానల్లోనే సింహాద్రి కుడి మోకాలు పాడయింది. నిలబడితే వాస్తుంది. అమ్మ ఆముదపాకు సెగ చూపించి కట్టు కట్టేది. లారీలో గంట నిలబడి వెళ్ళిన రోజు అది కొబ్బరికాయంత అయ్యేది. ఎవరికీ చెప్పనని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. కుంటివాడని తెలిస్తే కాగితం రాయరు, గది తీసేసుకుంటారు. అమ్ముడుపోయాడని అనుకుంటే మాత్రం కోపం వస్తుంది, నాలుగు ఆటలకి మర్చిపోతారు అనుకున్నాడట. "మీ మగోళ్ళు మర్సిపోరని నానే సెప్పినాను, ఇన్నేదు," అంది అమ్మ. నేను లేచి వెళ్ళి పుస్తకం తెరిచాను. అతని పేజీ లేదు. చింపిన అంచు మాత్రం ఉంది. ఎవరు చింపారని అడిగితే, నానే ఇచ్చీసినాను అంది. అమ్మకి చదువు రాదు. అన్నిటికంటే మాసిన పేజీ ఏదో చూసి చింపి, అన్నం మూటలో పెట్టి ఇచ్చింది. "ఆడి ఆట ఆడిది," అంది.

పేజీ లేకపోయినా నాకు నోటికి వచ్చు. ఆ ఏడాది అతను కొట్టిన ప్రతి గోల్ పక్కనా ఏమి రాశానో గుర్తుచేసుకున్నాను. ఎడమ. ఎడమ. తల. ఎడమ. అతనేమో కుడి కాలి ఆటగాడు. నా చేత్తో రాసింది, ఎందుకని ఒక్కసారీ అనుకోలేదు.

నాన్నకి నేనే చెప్పాను, మోకాలి సంగతి వరకు. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. సెలవు రోజున బస్సెక్కి మింగళాడోన్ వెళ్ళి, ఆ జట్టు మైదానం గేటు మీద అంటించిన ఆటగాళ్ళ జాబితా పైనుంచి కిందికి రెండుసార్లు చదివి వచ్చాడు. సింహాద్రి లేడు, కో తాన్ అనేవాడూ లేడు. తర్వాతి ఆదివారం వరండా మీద ఆ మాటా, మోకాలి మాటా చెప్పాడు. గురయ్య బాబాయ్ విని, "డాక్టరు కాయితం ఉందేటి?" అన్నాడు. లేదు. పేరు మార్చుకుని ఆడుతున్నాడని అప్పుడొకరు అన్నారు. అది అందరికీ నచ్చింది. తర్వాతి ఏడంతా ఆ జట్టులో పొడుగ్గా ఉన్న ప్రతివాడూ మా వాళ్ళ కంటికి సింహాద్రే. ఒకడు గుండు గీయించుకున్న సింహాద్రి, ఒకడు మీసం పెంచిన సింహాద్రి. మరి కొన్నాళ్ళకి అతను పూలగంపలతో మింగళాడోన్ బస్సులో కనబడ్డాడని ఎవరో చెప్పారు. చూశావా, అక్కడే ఉన్నాడు అన్నారు. పూలగంపల గురించి ఎవరూ ఆలోచించలేదు. నాన్న ఆ తర్వాత ఆదివారాలు వరండా కడిగించడం మానేశాడు. నేను పుస్తకం రాయడం మానేశాను.

ఇప్పుడు నా మనవరాలు, దాని స్నేహితులు ఫోనుల్లో విదేశీ జట్ల గురించి వాదించుకుంటారు. ఎవరిని అమ్మాలి, ఎవరికి ఎన్నేళ్ళ ఒప్పందం, ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు. కుడికాలి గోల్స్, ఎడమకాలి గోల్స్ వేరువేరుగా, బంతి ఇచ్చినవాడి పేరుతో సహా అన్నీ ఉంటాయి. ఆటగాడి మోకాలి ఎక్స్‌రే కూడా ప్రపంచమంతా చూస్తుంది. దాన్ని అడిగితే, ఇంత తెలిసినా అమ్ముడుపోయాడనే మాట ఇప్పటికీ ఉంది బామ్మా అంటుంది. టీ కొట్లో మాత్రం వాళ్ళు ఆట తప్ప ఇంకేమీ మాట్లాడరు, అదీ గొంతు తగ్గించి, పక్క బల్ల మీద ఎవరున్నారో చూసుకుని మాట్లాడతారు. మేం ఒక ఆటగాడి మీద అనుమానపడ్డాం. అంత అనుమానం మాకు విలాసమేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. వీళ్ళు మెట్ల మీద చప్పుడైతే చాలు, భయపడాలి. అయినా అప్పుడు మేలు అని రాయలేను. మాకు భయపడాల్సిన పని లేకుండానే అనుమానపడ్డాం.

ఆ ఆదివారం ఈశ్వరికి పేజీ మొత్తం చదివి చెప్పాను. ఇది ఉత్తరం కాదు, మీ నాన్న కొట్టిన గోల్స్ అన్నాను. ఆమెకి నమ్మకం కలగలేదు. ఇండియాలో చుట్టాలు రాసిందేమో, అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారేమో అని వచ్చింది పాపం. తండ్రి ఆడేవాడని ఆమెకి తెలియదు. కొంచెం కుంటేవాడని, పూలతోట పని చేశాడని, వానాకాలం బయటికి వచ్చేవాడు కాదని తెలుసు. టీవీలో ఫుట్‌బాల్ వస్తే మాట్లాడకుండా చూసేవాడట. ఒక్కసారి మాత్రం ఒక మాట అన్నాడంది.

"మోకాలు బాగుంటే నానూ ఎల్లిపోదును, నానేటి అంత మంచోణ్ణి కాదు, అన్నాడు. ఇండియాకి ఎల్లిపోదునంతన్నాడు అనుకున్నాం. అదేటి సయామా?"

ఆ మాట ఎక్కడిదో ఈ ఊళ్ళో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాన్న పోయాడు, అమ్మ పోయింది, గురయ్య బాబాయ్ పోయి చాలా ఏళ్ళయింది. సింహాద్రి సంతకం పెట్టకపోవడం మా జట్టు మీద ప్రేమ వల్ల అని యాభై ఏళ్ళు అనుకున్నాను, అలా అనుకుని అతన్ని ఇంకా మంచివాణ్ణి చేసుకుని, నన్ను ఇంకా చెడ్డదాన్ని చేసుకున్నాను. అదీ తప్పే. అక్కడ చేరేముందు డాక్టరు కాలు పట్టి చూస్తాడు, అందుకే పెట్టలేదు. బాగుంటే వెళ్ళేవాడే. వెళ్ళినా తప్పేముంది? ఇరవై మూడేళ్ళవాడు, రెండు గదుల ఇల్లు.

ఆమెకి చెప్పాను. కాగితాల గడువు గురించి, జీపు గురించి, వరండా గురించి. ఆ పేజీ రాసింది నేనేనని, మూడు సున్నాలు బయటపెట్టింది నేనేనని, నన్నెవరూ అడగకుండానే చెప్పానని చెప్పాను. ఎందుకు చెప్పావని అడిగింది. చిన్నతనం అన్నాను. అమ్మ గురించి నేను అనుకున్నది చెప్పలేదు. ఆమె నా ముఖం చాలాసేపు చూసింది, అచ్చం ఎవరినో గుర్తుపట్టడానికి ప్రయత్నించే మనిషిలా. కోప్పడలేదు. కాగితం తన వైపు లాక్కుని, పాత మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇంకొకల సేత కూడా సదివిస్తాను సయామా," అంది. "తప్పుగా అనుకోకండి."

తప్పుగా అనుకోలేదు. మా వరండా మీద ఆ సాయంత్రం అంతమంది ఉన్నారు. తెలుగు చదవడం వచ్చినవాళ్ళు నలుగురైనా ఉన్నారు. ఆ పుస్తకం ఇలా ఇయ్యి, మేం కూడా చూస్తాం అని ఒక్కరూ అనలేదు. ఇన్సేన్ గుడి పక్క వీధిలో నాకంటే పెద్దాయన ఒకరున్నారు, తెలుగు బాగా చదువుతారు. ఆయన పేరు, ఇంటి గుర్తు, ఎక్కవలసిన బస్సు బర్మా భాషలో రాసి ఇచ్చాను. నేను చెప్పింది ఆయనకి ముందే చెప్పొద్దని, ఏమీ చెప్పకుండా కాగితం మాత్రం చూపించమని అన్నాను. మధ్యాహ్నం దాటితే ఆయనకి అక్షరాలు అలుక్కుపోతాయి, పొద్దున్నే వెళ్ళమన్నాను.